జల్దీ నోటి మాట

దిల్‌సుఖ్‌నగర్,
డిసెంబర్ 2009

కుసుమక్కకు,

తమ్ముడు నర్సయ్య నమస్కారం. సుమిత్రమ్మ గారి తుంటి ఎముక ఆపరేషన్ బాగా జరిగిందని మీ కార్డు చూశాక రాజమ్మా నేనూ ఊపిరి పీల్చుకున్నాం. మీ అక్కగారు లేచి నడిచేదాకా మీరు చీరాలలోనే ఉండాలి కాబట్టి ఇక మన పనంతా ఉత్తరాల మీదే. ఫోనులో మీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం మీరు వినరు. ఇదే నయం.

ఇక్కడి ముచ్చట ఒకటి మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మొన్న బంద్ నాడు షాపు షట్టర్ సగం దించి, పోచంపల్లి చీరల కట్టల నడుమ కూర్చొని వచ్చే ఆదివారం బొమ్మ గీస్తున్నాను. బయట కోచింగ్ సెంటర్ల పిల్లల ఊరేగింపు. "జల్దీ! జల్దీ!" అని ఒకటే అరుపులు. వంగి షట్టర్ కింద నుంచి చూస్తే ఏముంది, మన జల్దీ! అట్ట మీద నిలువెత్తు బొమ్మ. అదే మడత చెవి, అదే కంటి చుట్టూ నల్ల మచ్చ. పక్కన ఇంత పెద్ద అక్షరాలు: "తెలంగాణ జల్దీ ఇయ్యుండ్రి!"

ఆ కుక్కకు మీరు పేరు పెట్టిన రోజు గుర్తొచ్చింది. మా సుప్రియ ఎల్బీనగర్‌లో మీ బడిలో చదువుతున్నప్పుడు బడి పత్రిక అట్టకు నేనొక వీధి కుక్కను గీసిచ్చాను. మీరు చూసి, "ఈ ఊళ్లో అందరూ పొద్దస్తమానం జల్దీ జల్దీ అని అరుస్తారు. దీని పేరే జల్దీ అనుకో నర్సయ్యా. అందరూ తననే పిలుస్తున్నారనుకుంటుంది. కానీ ఇది మాత్రం దేనికీ తొందరపడదు" అన్నారు. ఆ ఒక్క మాట మీద పదేళ్లకు పైగా ఆదివారం అనుబంధంలో మీ మాటలూ నా గీతలూ నడుస్తున్నాయి. ఇప్పుడు ఆటోల వెనక జల్దీ. ఇడ్లీ బండి మీద జల్దీ. బడికి పోవడానికి నీలిగే పిల్లల్ని తల్లులు "లేవరా జల్దిగా" అని తిడుతున్నారు. వినాయక చవితికి నాగోల్‌లో గణపతి పక్కన ఎలుకతో పాటు జల్దీని కూడా కూర్చోబెట్టారట. ఇప్పుడిక ఉద్యమంలోకీ వచ్చేశాడు.

అట్ట మీద బొమ్మ ఎవరు గీశారో తెలియదు. పిల్లలే ఎవరో అయివుంటారు.

మీ ఇంటి కుండీలకు వారానికోసారి పోయి నీళ్లు పోస్తున్నాను. మీ ఇంటి ఓనరు గోపయ్య అడిగినట్టు చెప్పమన్నాడు. వచ్చే నెలకు మాటలు పంపండి.

మీ
వెంకటనర్సయ్య


చీరాల,
జనవరి 2010

తమ్ముడూ,

నీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటోంది. కుక్క అనగానే మాత్రం ఇటు తిరిగింది.

నువ్వొక్కడివే ముచ్చట చెబితే ఎలా? నా దగ్గరా ఒకటుంది. ఇక్కడ గడియార స్తంభం దగ్గర సమైక్య నిరాహార దీక్ష టెంటు వేశారు. మందుల కోసం ఆ దారిన వెళుతుంటే టెంటు నెత్తిన ఫ్లెక్సీ. దాని మీద ఎవరనుకున్నావు? జల్దీ! మన పాత బొమ్మనే పత్రికలో నుంచి తీసి పెద్దది చేశారు. "జల్దీ ఒక్కడే, రాష్ట్రం ఒక్కటే" అని కింద రాశారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, వాడు ఎవరు పిలిచినా వెళ్తాడు కదా!

నా మనసు ఎటో నీకు తెలుసు. నేను ఎల్బీనగర్‌లో ఉద్యోగం చేశాను, మా ఆయన అక్కడే పోయారు, నా స్నేహాలన్నీ అక్కడే. ఆ ఊరు వేరే రాష్ట్రమైపోతే నేను చుట్టపుచూపుగా రావాలి. అందుకని విడిపోవడం నాకు ఇష్టం లేదు. నీకు ఇష్టం. ఈ మాట మనం ఎదురుగా కూర్చుని చాలాసార్లే అరుచుకున్నాం, టీలు తాగి లేచాం. అందుకని మళ్లీ రాయను.

కానీ ఒకటి అడుగుతాను. మీ ఊరేగింపు ఫొటో ఇక్కడి పేపర్లోనూ వేశారు. భూతద్దం పెట్టి చూశాను. ఆ చెవి మడత చివర కొక్కెంలా వెనక్కి తిరిగే గీత ఉంది. పదేళ్ల నుంచి చూస్తున్నాను, అది నీ ఒక్కడి చేతికే వస్తుంది. పిల్లలెవరో గీశారని నాకెందుకు రాశావు?

ఈ కవరులో రెండు వారాలకు మాటలు పెట్టాను. ఊరేగింపు మీదే ఒకటి రాశాను. ఎవరినీ నొప్పించదు. వీధంతా "జల్దీ జల్దీ" అని అరుస్తుంటే వాడు నిద్రలేచి ఒళ్లు విరుచుకుని, "ఏమిటీ గొడవ? వస్తున్నానుగా!" అంటాడు. అంతే.

కుసుమక్క


దిల్‌సుఖ్‌నగర్,
జనవరి నెలాఖరు

అక్కా,

గీసింది నేనే. మీరు బాధపడతారని దాచాను. దాచకపోతేనే బాగుండేది.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ పిల్లవాడు తెలంగాణ కోసం ఒళ్లు కాల్చుకున్నాక ఆ దారిన పోవాలంటే నా కాళ్లు రావడం లేదు. మా షాపు మీది అంతస్తు హాస్టల్లో జ్యోతిక అని ఒక అమ్మాయి ఉంది. నల్లగొండ దగ్గరి పల్లె. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటోంది. తనే వచ్చి, "అంకుల్, జల్దీని గీసిస్తరా? ఊరేగింపుల పట్టుకుంటం" అని అడిగింది. ఆ పూట నాకు చేతనైనది అదొక్కటే అనిపించింది. కుంచె పట్టుకొని నేల మీద మోకాళ్ల మీద కూర్చొని గీశాను.

మీరు అడిగారు కాబట్టి రెండోది కూడా చెప్పేస్తాను. మొన్న ఆదివారం పత్రిక చూసే ఉంటారు. మీరు రాసిన "ఏమిటీ గొడవ? వస్తున్నానుగా!" అనే మాటను నేను మార్చాను. జల్దీ నోట "ఏంది లొల్లి? ఒస్తున్న గదా!" అని రాశాను.

బొమ్మ గీస్తున్నప్పుడు జ్యోతిక పక్కనే ఉంది. అంతకు ముందటి బొమ్మలు తిరగేసి, "అంకుల్, జల్దీ మన దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ల పుట్టిండు గదా. ఆటో డ్రైవర్ మనలెక్క మాట్లాడ్తడు, చాయ్ అమ్మేటామె మనలెక్క మాట్లాడ్తది. జల్దీ ఒక్కడే టీవీల వార్తలు చదివినట్ల మాట్లాడ్తడేంది?" అంది. ఇంతకాలం అక్షరాలు రాసింది నా చేయి. ఒక్కసారి కూడా నాకు తోచలేదు. కాదు, తోచింది. మీతో అనడానికి ధైర్యం చాలలేదు.

పత్రికకు ఉత్తరాలు వచ్చిపడుతున్నాయట. భువనగిరి నుంచి ఒక తాత "ఇన్నొద్దులకు మా కుక్క మాతోటి ముచ్చట పెట్టింది" అని రాశాడు.

మీరేమంటారో అని ఎదురుచూస్తుంటాను.

నర్సయ్య


చీరాల,
ఫిబ్రవరి

శ్రీ వెంకటనర్సయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ మాట నేను పత్రికలోనే చూశాను. ఉత్తరం దాని తర్వాత వచ్చింది.

జల్దీ ఎలా మాట్లాడాలో నేను పదేళ్లు ఆలోచించి రాశాను. శ్రీకాకుళం పిల్లవాడికీ, ఆదిలాబాద్ పిల్లవాడికీ ఒకేలా అర్థం కావాలని అందరూ పుస్తకాల్లో చదివే తెలుగులో రాశాను. అందులో ఎవరినీ తక్కువ చేయాలన్న ఉద్దేశం లేదు. మీకు అభ్యంతరం ఉంటే ఒక్క కార్డు ముక్క రాసి అడిగి ఉండవచ్చు. నేను మీ గీత ఒక్కటైనా మిమ్మల్ని అడగకుండా చెరిపానా?

ఇకపై మాటలు కూడా మీరే రాసుకోండి. ఆ అమ్మాయి ఉందిగా, సాయం చేస్తుంది.

నా కుండీలకు నీళ్లు పోయడానికి మీరు శ్రమపడనక్కర్లేదు. గోపయ్య గారికి విడిగా రాస్తున్నాను.

ఇట్లు
టి. కుసుమకుమారి


దిల్‌సుఖ్‌నగర్,
మార్చి

అక్కా,

"శ్రీ వెంకటనర్సయ్య గారు" అని మీ చేతిరాతలో చూశాక ఆ ఉత్తరం రాజమ్మ చేతికిచ్చి బయటికి వెళ్లిపోయాను. వచ్చేసరికి ఆమె, "తప్పు నీదే, పోయి కాళ్లు పట్టుకో. గని గా మాట మాత్రం వాపస్ తీసుకోకు" అంది. నేను రాయాలనుకున్నదీ అదే.

అడగకపోవడం తప్పు. మీ మాటను మీకు చెప్పకుండా తీసేయడం తప్పు. మన్నించండి. కానీ ఆ మాట తప్పు కాదు. మీ బడిలో సుప్రియ "ఒస్తున్న" అంటే "వస్తున్నాను అనాలమ్మా" అని మీరు దిద్దేవారు. ఇంటికి వచ్చి మాతో కూడా "వస్తున్నాను" అనేది. మేము మురిసిపోయేవాళ్లం. ఒకరోజు మా అమ్మ పోచంపల్లి నుంచి వచ్చి, మనవరాలితో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది. "బిడ్డ ముంగట నాకు మాట్లాడ సిగ్గయితుంది" అంది. మీ తప్పని అనడం లేదు అక్కా. బడి అంటే అదే కదా. కానీ జల్దీ బడికి పోలేదు.

మీరు మానేశాక మూడు నాలుగు వారాలు నేనే రాశాను. ఎవరూ నవ్వలేదు. మలక్‌పేట నుంచి ఒక చిన్న పిల్ల పత్రికకు కార్డు రాసింది: "జల్దీకి జరమొచ్చిందా? మునుపటి లెక్క లేడు." రాజమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "నువ్వు రాస్తే జల్దీ నీలెక్క మాట్లాడ్తుండు. అక్క రాస్తే కుక్కలెక్క మాట్లాడ్తుండె. కుక్కనే బాగుండె."

ఇంకో సంగతి ఉంది. అనుబంధం చూసే వెంకట్రావు గారు ఫోన్ చేశారు. "నర్సయ్య గారూ, బొమ్మ ఒకటే గీయండి. మాటలు రెండు రకాలు వేద్దాం. ఇక్కడి ఎడిషన్లలో జల్దీ తెలంగాణ కావాలంటాడు. అక్కడి ఎడిషన్లలో సమైక్యం అంటాడు. ఎవరి జల్దీ వాళ్లకు" అన్నారు. "అక్కను అడగకుండా నేనేమీ చెప్పను" అన్నాను. ఈసారి అడుగుతున్నాను. నాకైతే ఒక నోట్లో రెండు నాలుకలు పెట్టడం ఇష్టం లేదు. నేను తెలంగాణ కావాలనే అంటాను, వీధిలో నిలబడి అంటాను. ఆ మాట నేననాలి. కుక్క వెనక దాక్కొని అనకూడదు.

కుండీలకు నీళ్లు పోస్తూనే ఉన్నాను. గోపయ్యకు మీరు రాసిన కార్డు ఆయన నాకు చూపించి, "నువ్వే పొయ్యి, నాకు యాదికుండది" అన్నాడు.

మీరు ఏమన్నా సరే,
మీ తమ్ముడే నర్సయ్య


చీరాల,
ఏప్రిల్

నర్సయ్యా,

వెంకట్రావు నీకంటే ముందే నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నీమీద కోపంలో ఉన్నాను. సమైక్య జల్దీకి మాటలు రాస్తానని ఒప్పుకున్నాను. నీకు చెప్పలేదు. నువ్వు ఒకటి దాచావు, నేనొకటి దాచాను, లెక్క సరిపోయింది.

ఒప్పుకున్నానే గాని, కాగితం ముందు కూర్చుంటే వాడు పలకలేదు. మూడు రోజులు తిప్పలు పడి ఒకటి రాసి అక్కకు వినిపించాను. ఆమె సంగతి తెలుసు కదా. కాలు సరిగ్గా ఉంటే తనే వెళ్లి ఆ టెంటులో కూర్చునేది. అంత సమైక్యవాది. మొత్తం విని, "ఇది కుక్క మాటలా లేదే. ఎవరో ఎమ్మెల్యే మాట్లాడినట్టుంది" అంది. "ఇంతకు ముందువి బాగుండేవి. నువ్వు చించి పారేయబోయిన ఆ బొమ్మ ఏదీ, చదువు" అంది.

నాకిష్టం లేకుండానే తీసి చదివాను. ఊరేగింపు, అరుపులు, వాడు నిద్రలేచి ఒళ్లు విరుచుకోవడం. "ఏంది లొల్లి? ఒస్తున్న గదా!"

అక్క నవ్వింది నర్సయ్యా. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ ముఖంలో నవ్వు చూడలేదు. తుంటి కలుక్కుమంటోందని ఒక చేత్తో పక్క పట్టుకుని మరీ నవ్వింది. "మళ్లీ చదువు, మళ్లీ చదువు" అంది. సాయంత్రం నర్సు సూది మందు వేయడానికి వస్తే ఆమెను చూసి, "ఏంది లొల్లి? వస్తున్నగదా" అంది. అక్క ఎన్నడూ ఒంగోలు దాటి ఎరగదు. యాస సగం తప్పు. కానీ వాడి బద్ధకం మొత్తం ఆ రెండు మాటల్లో ఆమెకు చిక్కింది.

ఆ రాత్రి మంచం మీద ఆ మాటల్ని నాలో నేను చాలాసార్లు అనుకున్నాను. "ఏమిటీ గొడవ" అంటే వాడు విసుక్కుంటాడు. "ఏంది లొల్లి" అంటే వాడు విసుక్కోడు, ఆవలిస్తాడు. నువ్వు రాసిందే బాగుంది. నీ ముందు ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను. మీ అమ్మగారి సంగతి చదివి మాత్రం ఏమీ రాయలేకపోతున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడతాను.

వెంకట్రావుకు రాయనని చెప్పేశాను. ఇప్పుడు నా షరతులు విను. వాడు ఇక నుంచి దిల్‌సుఖ్‌నగర్ మాటే మాట్లాడతాడు. హాస్యం నేను రాస్తాను, నువ్వు మీ మాటలోకి తిప్పు, తిప్పింది నాకు పంపు, నేను చూశాకే అచ్చుకు పోవాలి. రెండోది, నా తెలుగు ఎక్కడికీ పోదు. అది కూడా ఆ వీధిలోనే ఉంటుంది. నేను అంతకాలం అక్కడ ఉండలేదా? ఒక పిల్లిని తెస్తున్నాను. విజయవాడ రోడ్డు మీద వచ్చే లారీ ఎల్బీనగర్‌లో వెనక్కి వస్తుంటే క్లీనరు "నిదానం! నిదానం!" అని అరుస్తాడు. పైన బస్తాల మీద ఉన్న పిల్లి ఒక్క దూకు దూకుతుంది. దాని పేరే నిదానం. క్షణం కుదురుగా ఉండదు. "ఏవిటండీ ఇంత ఆలస్యం? నే వచ్చి ఎంతసేపైందో తెలుసా?" అని జల్దీని సతాయిస్తుంది. ఇద్దరూ ఒకే షట్టర్ కింద పడుకుంటారు. చోటు కోసం రోజూ కొట్లాడుకుంటారు.

ఏ ఎడిషన్‌కైనా ఇదే బొమ్మ, ఇవే మాటలు. వేస్తే వేయనీ, లేకపోతే లేదు.

అక్క


దిల్‌సుఖ్‌నగర్,
మే

అక్కా,

మీ ఉత్తరం చదివి షాపులో నేనొక్కణ్నే పెద్దగా నవ్వితే, చీర బేరం చేస్తున్న ఆమె తననే అనుకొని లేచిపోయింది.

నిదానాన్ని గీశాను. తోక ఎప్పుడూ ప్రశ్న గుర్తులా పైకి లేచి ఉంటుంది. కింద పెట్టాను, చూడండి. జల్దీ మాట కూడా, మొన్న మీకు పంపితే కార్డులో సరే అన్నారే, అదే ఉంచాను: "జర కూసో పిల్లీ, నువ్వొచ్చినవని తెల్లారదు."

పత్రికకు నేనే స్వయంగా తీసుకుపోయాను. వెంకట్రావు గారు మంచి మనిషే, చూసి నవ్వారు కూడా. తర్వాత తల పట్టుకున్నారు. "రెండు యాసలూ ఒకే బొమ్మలోనా? రెండు వైపుల నుంచీ నన్ను తిడతారండీ. పరిస్థితులు చల్లబడేదాకా జల్దీని ఆపుదాం" అన్నారు. "ఆపితే మళ్లీ వేస్తారా?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బొమ్మ వెనక్కి తీసుకున్నాను.

బస్సులో వస్తున్నంతసేపూ చేతిలో ఆ కాగితం బరువుగా అనిపించింది. ఆదివారం వస్తే జల్దీ ఉండడు అనుకుంటే ఇంట్లో మనిషి పోయినట్టుంది. కానీ రాజమ్మ, "పేపరోడు ఎయ్యకుంటే గోడ లేదా మనకు?" అంది. అంతే, దాన్ని తీసుకుపోయి మా షట్టర్ పక్క గోడకు అతికించాను. సాయంత్రానికి అక్కడ పదిమంది. మరునాడు నిలబడడానికి చోటు లేదు. పక్కనే అంతయ్య జిరాక్స్ షాపు. కోచింగ్ పిల్లలు నోట్సు తీయించుకోవడానికి వస్తారు కదా, నోట్సుతో పాటు జల్దీని కూడా ఒక కాపీ తీయమన్నారట. అంతయ్య మొదట నన్ను అడగడానికి వచ్చాడు. "తియ్యి" అన్నాను. వారం తిరిగేసరికి ఆ కాపీలు పిల్లల సంచుల్లో నల్లగొండకూ సూర్యాపేటకూ పోయాయి. అక్కడి జిరాక్స్ షాపుల్లో మళ్లీ తీస్తున్నారట. మీ కోసం కట్ట ఒకటి వేరే పంపుతున్నాను.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మూడోవారం నలుగురు కుర్రవాళ్లు వచ్చారు. ఒకతను గోడ మీది పిల్లిని వేలితో పొడుస్తూ, "గీ ఆంధ్రా పిల్లి మన గోడ మీదెందుకు? చింపేయాలె" అన్నాడు. నేను షాపులోంచి బయటికి వచ్చేలోపే జ్యోతిక మెట్లు దిగి వచ్చింది.

"ఎందుకు చింపుతవ్? పిల్లి తెలంగాణ వద్దన్నదా?" అంది.

"దాని మాట్లాడే తీరు చూడు."

"దాని మాట దానిది. మన మాట మనం మాట్లాడనియ్యలేదనే గదా రోడ్డు మీదికొచ్చినం? ఇంకొకల నోరు మూయిస్తే మనకేమొస్తది?"

అతను ఏదో అనబోయాడు. రాజమ్మ బట్టలు కొలిచే ఇనుప గజం బద్ద చేతిలో పట్టుకొని గడపలో నిలబడింది. గోడ వంక చూసి వాళ్లు వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ వాళ్లలో ఒకతను అంతయ్య దగ్గర కాపీ తీయించుకోవడం నేను చూశాను.

మీరు రాస్తూనే ఉండండి. పత్రిక ఆగింది, మనం ఆగలేదు.

నర్సయ్య


చీరాల,
జులై

తమ్ముడూ,

కట్ట అందింది. ఒక కాపీ ఇక్కడి గ్రంథాలయంలో పేపర్లు పరిచే బల్ల మీద పెట్టాను. లైబ్రేరియన్ నా పాత శిష్యురాలి భర్త, కాదనలేకపోయాడు. రెండు రోజులకే టెంటు తాలూకు కుర్రాళ్లు వచ్చి, "ఇదేంటి మేడమ్, జల్దీ వాళ్ల భాష మాట్లాడుతున్నాడు? మనవాడనుకున్నాం" అన్నారు. ఒకడు దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అదుపు చేసినదాన్ని. "కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కాగితం తీసుకుని పెద్దగా చదివాను. జల్దీ మాటలు నాకు వచ్చినంతలో వాళ్ల యాసలో, నిదానం మాటలు మనలాగా. పేపరు చదువుకుంటున్న ముసలాయన కళ్లజోడు తీసి వింటున్నాడు. నిదానం షట్టర్ కింద జాగా కొలుచుకునే చోట అందరూ నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వి, వెంటనే సర్దుకున్నాడు. "మేడమ్, మీరు ఎవరి వైపు?" అన్నాడు. "విడిపోకూడదనే అంటాను. రేపు టెంటుకు వచ్చి కూడా అంటాను. అంతమాత్రాన దిల్‌సుఖ్‌నగర్ కుక్క చీరాల మాట మాట్లాడాలా?" అన్నాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ బల్ల మీదే పెట్టి వెళ్లాడు. మరునాడు నిజంగానే టెంటుకు వెళ్లి ఒక గంట కూర్చుని వచ్చాను. నీకు కోపం వచ్చినా సరే, చెప్పాలి కదా.

అక్క ఇప్పుడు చేతికర్రతో వాకిట్లోకి నడుస్తోంది. మా పెద్దన్నయ్య కోడలు వచ్చి ఇక్కడే ఉంటానంది. అంటే నేను తిరిగి వచ్చేయవచ్చు.

ఇక్కడే నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. నేను నీకు రాయని సంగతి ఒకటుంది. డిసెంబరులో నేను బయలుదేరింది అక్క కోసమే, నిజమే. కానీ బయలుదేరే ముందు వారం ఎల్బీనగర్ కూరగాయల బండి దగ్గర, "బెండకాయలు ఎలా ఇస్తున్నావమ్మా" అని అడిగితే పక్కనున్న మనిషి, "మీరింక ఇక్కడెన్నొద్దులుంటరు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బెండకాయలు తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత బజారుకు వెళితే నోరు విప్పాలంటే వెనకాడేదాన్ని. వేలు చూపించి కొనేదాన్ని. మీ అమ్మగారు మనవరాలి ముందు ఆగిపోయారని నువ్వు రాసినప్పుడు నాకు మాట రానిది అందుకే.

గోపయ్యకు ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చే ఉద్దేశం ఉందేమో కనుక్కో. ఉంటే మొహమాటపడకుండా నాకు రాయి. నువ్వు మెత్తగా చెప్పాలని చూడకు.

కుసుమక్క


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు

అక్కా,

ఉత్తరం చదివి చొక్కా కూడా మార్చుకోకుండా ఎల్బీనగర్ పోయాను. గోపయ్య వాకిట్లో కూర్చొని పల్లీలు ఒలుస్తున్నాడు. మీరు అడిగింది అడిగాను. ఆయన చేతిలోది పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇల్లు ఇంకొకలకిస్తనా? ఎవలన్నరు? నేను జెండా పట్టుకొని తిరిగెటోన్నే. అయితే? మా ఇద్దరు పిల్లలకు సదువు చెప్పింది గా పంతులమ్మ. కిరాయి ఇయ్యకున్నా మంచిదే, జల్ది రమ్మను. మోటరు కరాబైంది, బాగుచేయిపిస్త."

మెత్తగా చెప్పొద్దన్నారు కాబట్టి రెండోది కూడా రాస్తున్నాను. అందరూ గోపయ్యలు కారు. ఇక్కడ వేడి తగ్గలేదు. బండి దగ్గర అలాంటి మాట మళ్లీ ఎవరో ఒకరు అనవచ్చు. అననివ్వనని నేను మాట ఇవ్వలేను. అంటే మాత్రం మీ పక్కన నిలబడతాను, రాజమ్మ నిలబడుతుంది, జ్యోతిక నిలబడుతుంది. రాష్ట్రం సంగతి మాత్రం నేను వదలను. తెలంగాణ వచ్చి తీరాలి. వచ్చిన నాడు మీరు మా ఇంట్లోనే భోంచేయాలి, మీకు ఇష్టం లేకపోయినా.

మీ అక్కగారికి జల్దీ బొమ్మలు వరుసగా కుట్టించి పంపుతున్నాను. అంతయ్య ఉచితంగా బైండింగ్ చేశాడు.

ఎప్పుడొస్తున్నారో రాయండి. నాంపల్లి స్టేషనుకు ఆటో తెస్తాను. సామాను ఉంటుంది, దారిలో ఎవరైనా ఏమైనా అంటే నేనుంటాను.

మీ తమ్ముడు
నర్సయ్య


చీరాల,
సెప్టెంబర్

నర్సయ్యా,

వచ్చే గురువారం పొద్దున బండి దిగుతాను. ఒక పెట్టె, ఒక చేతిసంచి, అంతే.

స్టేషనుకు నువ్వు రావద్దు. ఆటో తేవద్దు. రాజమ్మను కూడా పంపవద్దు. బాగా ఆలోచించే రాస్తున్నాను. మీ ముగ్గురి నడుమ నడుచుకుంటూ వస్తే ఆ ఊళ్లో నేను మీ చుట్టాన్ని. నేను అక్కడ ఉండడానికి వస్తున్నాను. నేనే కోఠీ దాకా వెళ్లి, ఎల్బీనగర్ బస్సు ఎక్కి, కండక్టరుతో గట్టిగా, అందరికీ వినిపించేలా, "బాబూ, ఎల్బీనగర్‌కి ఒక టిక్కెట్టు ఇవ్వండి" అంటాను.

ఎవరైనా తల తిప్పి చూస్తే నేనూ చూస్తాను.

అక్క